ఆరోగ్య పాఠం: ఇంట్లో లిక్విడ్ సబ్బు – ఏది కొనాలి, ఏది చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి



కొద్ది రోజుల క్రితం మహిళా కూటమి సోదరీమణులు కొందరు మా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడిగారు. "సిస్టరు గారూ, సబ్బు బిళ్ళ కంటే లిక్విడ్ సబ్బు మంచిదంటున్నారు. కొనాలంటే ఖర్చు. మేమే చేసుకుని, నలుగురికి అమ్ముకుంటే కూడా బాగుంటుంది కదా?"

మంచి ప్రశ్నే. అయితే అది వినగానే మాకు పిల్లల వార్డులో కొన్నేళ్ళ క్రితం చూసిన ఒక బాబు గుర్తుకు వచ్చాడు. వాడికి నాలుగేళ్ళు. అంట్లు తోమే లిక్విడ్ చేద్దామని ఇంట్లో వాళ్ళు కాస్టిక్ సోడా తెచ్చి, నీళ్ళలో కరిగించి, మిగిలింది ఒక కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి గట్టు కింద పెట్టారు. ఎండలో ఆడుకుని వచ్చిన బాబు మంచినీళ్ళనుకుని ఒక గుక్క తాగాడు. కేక విని పరుగెత్తుకొచ్చిన నానమ్మ, పాపం మేలు చేద్దామనే, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించింది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి కాలిన గొంతు, బయటికి వచ్చేటప్పుడు రెండోసారి కాలింది.

బాబు బతికాడు. కానీ కాలిన అన్నవాహిక మానే కొద్దీ సన్నబడిపోయింది. దాన్ని వెడల్పు చేయించడానికి నెలల తరబడి పెద్దాసుపత్రికి తిప్పారు. అన్నం ముద్ద మింగలేక గంజి, పాలతో గడిపాడు. ఆ తల్లి మాతో ఒకే మాట అంటుండేది: "సబ్బు నీళ్ళే కదా అనుకున్నాం సిస్టర్."

ఈ పాఠం ఆ మాట గురించే. సబ్బు మంచిదే. ఇంట్లో చేసుకోదగినవీ ఉన్నాయి. కానీ ఏ ద్రవం దేనికి, అది ఏ సీసాలో ఉంది అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

1. సబ్బు చేసే పని ఏమిటి?

మన చేతికి అంటిన జిడ్డులో మురికీ, సూక్ష్మక్రిములూ చిక్కుకుని ఉంటాయి. ఒట్టి నీళ్ళు జిడ్డును వదిలించలేవు. సబ్బు కణానికి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. రుద్ది కడిగినప్పుడు జిడ్డుతో పాటు క్రిములు కూడా నీటిలో కొట్టుకుపోతాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు సబ్బుతో చేతులు కడగమని అంతగా చెప్పింది కూడా ఇందుకే. ఆ వైరస్ పైపొర కొవ్వుతో తయారైనది. సబ్బు తగిలితే ఆ పొర చెదిరిపోతుంది.

చేతుల శుభ్రత విలువ వైద్య లోకానికి ఆలస్యంగానే తెలిసింది. 1847లో వియన్నాలోని ఒక ప్రసూతి వార్డులో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పులకు వచ్చే వైద్య విద్యార్థుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు బాగా తగ్గిపోయాయి. అయినా ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు ఆయన మాట వినలేదు.

ఇక్కడ గమనించవలసినది, పని చేసేది సబ్బు ఒక్కటే కాదు. రుద్దడం, కనీసం 20 సెకన్ల సమయం, పారే నీరు, శుభ్రమైన తువ్వాలు అన్నీ కలిసి పని చేస్తాయి. ఎంత ఖరీదైన లిక్విడ్ అయినా రెండు సెకన్లలో కడిగేసుకుంటే ప్రయోజనం తక్కువ.

2. బిళ్ళా? లిక్విడా?

ఆరోగ్యం వరకు చూస్తే రెండూ సమానమే. బిళ్ళ సబ్బును నలుగురూ వాడితే జబ్బులు అంటుకుంటాయని భయపడనక్కరలేదు. నీరు నిలవని చిల్లుల పెట్టెలో పెట్టి, ఆరనిస్తే చాలు. నీళ్ళలో నాని మెత్తబడిన బిళ్ళ మాత్రం మంచిది కాదు.

లిక్విడ్‌తో ఉన్న సౌకర్యం ఏమిటంటే పిల్లలకు, వృద్ధులకు, ఒక చెయ్యి సరిగా పని చేయని వారికి పంపు నొక్కడం సులభం. మంచం మీద ఉన్న రోగికి ఒళ్ళు తుడిచేవారికి కూడా వీలుగా ఉంటుంది.

ఖర్చు సంగతి ఒకసారి లెక్క వేసి చూడండి. పంపు ఒకసారి నొక్కితే 2 మిల్లీలీటర్లు వస్తుందనుకుంటే, 250 మిల్లీలీటర్ల సీసా 125 సార్లకు సరిపోతుంది. ఇంట్లో నలుగురు రోజుకు ఆరేసి సార్లు చేతులు కడిగితే 24 సార్లు. అంటే ఆ సీసా అయిదు రోజులు. అదే పని బిళ్ళ సబ్బు ఎక్కువ రోజులు చేస్తుంది. కాబట్టి డబ్బు ఇబ్బందిగా ఉన్న ఇంట్లో బిళ్ళ సబ్బు వాడుతున్నందుకు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

3. కొనేటప్పుడు ఏమి చూడాలి?

చేతులకు: మామూలు హ్యాండ్‌వాష్ చాలు. "యాంటీబ్యాక్టీరియల్" అనే మాటకు అదనంగా డబ్బు పెట్టవద్దు. 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్‌తో సహా 19 మందులను ఇళ్ళలో వాడే చేతి సబ్బుల్లో కలపకూడదని తేల్చింది. మామూలు సబ్బు, నీళ్ళ కంటే అవి మేలైనవని తయారీదారులు నిరూపించలేకపోయారు.

ఒంటికి: మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్ల గుణంతో, సుమారు 5.5 పీహెచ్ దగ్గర ఉంటుంది. నూనె, క్షారంతో చేసిన అసలు సబ్బు పీహెచ్ 9 నుండి 10 వరకు ఉంటుంది. ఆరోగ్యవంతులు దీన్ని తట్టుకుంటారు. చర్మం పొడిబారి దురద పెట్టేవారు, వృద్ధులు, గజ్జి తామర వంటి బాధలున్నవారు తక్కువ వాసన, తక్కువ రంగు ఉన్న, పీహెచ్ 5.5 అని రాసిన బాడీవాష్ ఎంచుకోవడం మంచిది. స్నానం తర్వాత ఒళ్ళు తడిగా ఉండగానే కొద్దిగా కొబ్బరి నూనె రాసుకుంటే దురద తగ్గుతుంది.

పసిబిడ్డలకు: పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత కూడా గోరువెచ్చని నీళ్ళు, చాలా కొద్దిగా మృదువైన సబ్బు చాలు.

స్త్రీలకు: బాలింతల స్నానపు నీళ్ళలో యాంటీసెప్టిక్ ద్రవం మూతలు మూతలుగా పోయడం చాలా ఇళ్ళలో చూస్తున్నాము. అది అవసరం లేదు, చర్మం మండుతుంది. యోని లోపలి భాగాన్ని ఏ సబ్బుతోనూ కడగకూడదు. అక్కడి సహజమైన ఆమ్ల గుణమే రక్షణ. సబ్బు దాన్ని పోగొడితే దురద, తెల్లబట్ట ఎక్కువవుతాయి. బయటి భాగానికి మంచినీళ్ళు చాలు.

అంట్లకు, నేలకు: అంట్ల లిక్విడ్‌తో ముఖం, తల రుద్దుకోవద్దు. అది జిడ్డు గిన్నెల కోసం చేసినది. రోజంతా అంట్లు తోమే వారికి వేళ్ళ సందులు పగిలి, పొక్కి మా దగ్గరకు వస్తుంటారు. వారికి చెప్పేది, లిక్విడ్‌ను నేరుగా చేతిలో పోసుకోకుండా ఒక గిన్నె నీళ్ళలో కలిపి వాడండి, పని అయ్యాక చేతులు తుడుచుకుని నూనె రాయండి.

నీటిని బట్టి: చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెల్లని మడ్డిగా బకెట్టుకూ, బట్టలకూ అంటుకుంటాయి. అలాంటి చోట డిటర్జెంటు రకం లిక్విడ్ బాగా పని చేస్తుంది. మెత్తని నీరు దొరికే చోట అసలు సబ్బు చక్కగా సరిపోతుంది.

4. ఇంట్లో భయం లేకుండా చేసుకోదగినవి

మొదటిది, కుంకుడు రసం. పది, పన్నెండు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేయండి. పై తొక్కను అర లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉదయం 15 నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో పిసికి పలుచని బట్టలో వడకట్టండి. తలకు, పట్టుబట్టలకు, వెండి వస్తువులకు ఇది బాగుంటుంది. నురగ ఇచ్చే పదార్థం పేరు సపోనిన్. కళ్ళలో పడితే బాగా మంట. కాబట్టి చంటిపిల్లల తలకు వద్దు. ఇది నిల్వ ఉండదు. బయట పెడితే మర్నాటికే పులుస్తుంది. ఏ రోజుకారోజు చేసుకోవడం మేలు.

రెండవది, సబ్బు తురుముతో. 100 గ్రాముల ఒంటి సబ్బును కొబ్బరి తురిమినట్టు తురిమి, ఒక లీటరు మరిగిన నీళ్ళలో వేసి సన్నని మంట మీద కరిగేదాకా కలపండి. దించి చల్లారనివ్వండి. మర్నాటికి చిక్కబడి జిగురుగా తీగ సాగవచ్చు. అలా అయితే ఇంకొంచెం కాచిన నీళ్ళు కలిపి గిలకొట్టండి. ఇది చేతులకు మాత్రమే. నిల్వ మందు లేదు కనుక వారంలో వాడేయాలి. వాసన మారినా, పైన బూజు కనిపించినా పారబోయండి. ఇంట్లో మిగిలిపోయిన సబ్బు ముక్కలకు ఇది మంచి ఉపయోగం.

ఇంతకంటే చౌకైన పద్ధతి కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో ఆరోగ్య పరిశోధకులు పేద ఇళ్ళ కోసం 1.5 లీటర్ల నీటిలో 30 గ్రాముల బట్టల పొడి కలిపి, ఆ సబ్బు నీళ్ళను మరుగుదొడ్డి దగ్గర చేతులు కడగడానికి పెట్టించారు. పొడి చర్మం వారికి ఇది తగదు. కానీ ఏమీ లేకుండా కడగడం కంటే ఇది ఎంతో మేలు.

మూడవది, అంట్ల లిక్విడ్. దీనికి కాస్టిక్ అవసరం లేదు. కెమికల్ దుకాణాల్లో ఎస్.ఎల్.ఇ.ఎస్. అనే చిక్కని పేస్టు దొరుకుతుంది. ఒక లీటరుకు కొలతలు ఇవి:
– కాచి చల్లార్చిన నీళ్ళు 800 మిల్లీలీటర్లు
– ఎస్.ఎల్.ఇ.ఎస్. పేస్టు (70 శాతం) 150 గ్రాములు
– సోడియం బెంజోయేట్ 5 గ్రాములు
– ఉప్పు 20 గ్రాములు, 50 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించినది
– సిట్రిక్ యాసిడ్ (నిమ్మ ఉప్పు) చిటికెలు చిటికెలుగా

పేస్టును నీళ్ళలో వేసి కర్ర గరిటెతో నెమ్మదిగా కలిపి రాత్రంతా వదిలేయండి. గిలకొడితే నురగే మిగులుతుంది. పొద్దుటికి కరిగిపోతుంది. సోడియం బెంజోయేట్ కలపండి. తర్వాత సిట్రిక్ యాసిడ్ కొద్దికొద్దిగా వేస్తూ, పీహెచ్ కాగితం 5 దగ్గర చూపేదాకా రండి. నిల్వ మందు ఆ పులుపులోనే పని చేస్తుంది. చివర ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తే చిక్కబడుతుంది. ఉప్పు ఎక్కువైతే మళ్ళీ పలుచనవుతుంది. చిక్కగా ఉంటేనే బాగా పని చేస్తుందని అనుకోవద్దు. చిక్కదనం కంటికి మాత్రమే. పేస్టు కలిపేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. ఒక నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి. ఇది ఒంటికి కాదు, గిన్నెలకు.

5. వంటింట్లో చేయకూడనివి

నూనెతో అసలు లిక్విడ్ సబ్బు చేయాలంటే కాస్టిక్ పొటాష్ కావాలి. కాస్టిక్ సోడా వాడితే గట్టి బిళ్ళ అవుతుంది, పొటాష్ వాడితే మెత్తని, కరిగే సబ్బు అవుతుంది. తేడా అంతే. కానీ ఈ రెండూ చర్మాన్ని, కంటిని, గొంతును కాల్చివేసే క్షారాలు.

కొలత ఎంత ముఖ్యమో చూడండి. ఒక కిలో కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి స్వచ్ఛమైన పొటాష్ సుమారు 257 గ్రాములు కావాలి. కాస్టిక్ సోడా అయితే సుమారు 183 గ్రాములు చాలు. పొటాష్ బదులు కాస్టిక్ సోడా అదే తూకంలో వేస్తే, 70 గ్రాములకు పైగా క్షారం సబ్బులో మిగిలిపోతుంది. అది వాడినవారి చేతులు కాలుతాయి. పైగా ఒక్కో నూనెకు ఒక్కో లెక్క. బజారులో దొరికే పొటాష్ నూటికి నూరు పాళ్ళు స్వచ్ఛమైనది కూడా కాదు. గ్లాసులతో, చెంచాలతో కొలిచే పని కాదిది.

కొన్ని పొదుపు సంఘాల్లో యాసిడ్ స్లర్రీ, సోడా కలిపి అంట్ల లిక్విడ్ చేస్తారు. ఆ స్లర్రీ కూడా గట్టి ఆమ్లమే. బట్టల మీద పడితే బట్ట, చేతి మీద పడితే చర్మం పోతుంది.

సంఘంగా ఈ పని నేర్చుకోవాలనుకునే వారిని మేము వద్దనము. కానీ తెలిసినవారి దగ్గర శిక్షణ పొంది, ఇంటికి దూరంగా గాలి వచ్చే చోట, గ్రాము వరకు చూపే తక్కెడతో, కళ్ళద్దాలు, గ్లవ్స్ వేసుకుని, పిల్లలు లేని వేళ చేయాలి. ఎప్పుడూ నీళ్ళలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిందుతుంది. అల్యూమినియం గిన్నె వాడకూడదు. కాస్టిక్ దాన్ని తినివేసి మండే వాయువును పుట్టిస్తుంది. స్టీలు గిన్నె వాడండి. ఒంటికి వాడే సబ్బు తయారు చేసి అమ్మాలంటే 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం లైసెన్సు కూడా ఉండాలని మరవకండి.

ఇంకొక మాట. బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. "రెండూ కలిపితే ఇంకా తెల్లగా వస్తుందనుకున్నాం" అంటూ దగ్గుతో, ఆయాసంతో వచ్చినవారిని మేము చూశాము.

6. సీసా సంగతి

సబ్బులో క్రిములు పెరగవని అనుకుంటాము. అది నిజం కాదు. నీళ్ళు ఎక్కువ కలిపిన సబ్బులో క్రిములు పెరుగుతాయి. సగం ఖాళీ అయిన సీసాలో కొత్త సబ్బు పోస్తూ పోతే అడుగున ఉన్న పాత సబ్బుతో పాటు క్రిములూ నిలిచిపోతాయి. అందుకే ఆసుపత్రులకు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2002లో ఇచ్చిన సూచనల్లో, సగం ఖాళీ అయిన డబ్బాలో సబ్బు నింపవద్దని చెప్పింది. ఇంట్లో కూడా సీసా పూర్తిగా అయ్యాక, పంపుతో సహా వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నింపండి. చివర్లో నీళ్ళు పోసి గిలకొట్టి వారాల తరబడి వాడే అలవాటు మానుకోండి.

ఏ సబ్బునూ, ఏ ఫినాయిల్‌నూ, ఏ యాసిడ్‌నూ మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో, మందు సీసాలో పోయవద్దు. ఇంటింటికీ తిరిగి అమ్మేవారు అలాంటి సీసాలో ఇస్తే తీసుకోవద్దు. ప్రతి సీసా మీద పేరు, చేసిన తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. చదవడం రాని పెద్దవారు ఇంట్లో ఉంటే ఎర్ర రిబ్బను కట్టి, "ఇది తాగేది కాదు" అని చూపించి చెప్పండి. పిల్లల చేతికి అందని ఎత్తులో, తాళం ఉన్న చోట పెట్టండి.

7. ప్రమాదం జరిగితే

మింగితే: వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, నిమ్మరసం, పెరుగు, నూనె ఏదీ పోయవద్దు. నోరు మంచినీళ్ళతో పుక్కిలించి ఉమ్మించండి. పెదవులు, గడ్డం తుడవండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏ సీసాలోది తాగారో ఆ సీసా కూడా తెండి.

కంట్లో పడితే: రెప్పలు తెరిచి పట్టుకుని, 20 నిమిషాలకు తగ్గకుండా శుభ్రమైన నీటిని ధారగా పోయండి. ముందు కడగడం, తర్వాతే ప్రయాణం. కాస్టిక్ అయితే ఒక్కొక్క నిమిషమూ చూపు విలువ.

ఒంటి మీద పడితే: తడిసిన బట్టలు వెంటనే తీసివేసి, 20 నిమిషాలు పారే నీటి కింద ఉంచండి. పేస్టు, పసుపు, సిరా రాయవద్దు.

ఇంటి దగ్గర చేసి చూడండి

1. మీ వంటింట్లో, స్నానాల గదిలో ఉన్న సీసాలన్నీ ఒక చోట పెట్టండి. పేరు లేనివి ఎన్ని? తాగే సీసాల్లో ఉన్నవి ఎన్ని?
2. మీ ఇంటి నీళ్ళలో బిళ్ళ సబ్బు నురగ వస్తుందా, మడ్డి వస్తుందా?
3. మీ పిల్లలు చేతులు ఎన్ని సెకన్లు కడుగుతున్నారో లెక్కపెట్టండి.
4. వాంతి ఎందుకు చేయించకూడదో ఇంట్లోని పెద్దవారికి చెప్పి, తిరిగి వారి చేత చెప్పించుకోండి.

మహిళా కూటమి సోదరీమణులకు మేము ఇచ్చిన జవాబు కూడా ఇదే. తురుము సబ్బు, అంట్ల లిక్విడ్ ఇంటి వరకు చేసుకోండి. కాస్టిక్‌తో పని శిక్షణ అయ్యాకే. వారు ఆ రోజే ఇళ్ళకు వెళ్ళి సీసాలు వెతికారు. ఒక సోదరి మంచినీళ్ళ సీసాలో ఉన్న ఫినాయిల్‌ను తెచ్చి మా బల్ల మీద పెట్టి, "సిస్టరు గారూ, ఇది మా మనవడి మంచం పక్కనే ఉంది" అన్నారు.

మా వార్డులోని ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. అన్నం తింటాడు, కానీ చిన్న చిన్న ముద్దలు చేసి, నెమ్మదిగా, ప్రతి ముద్దకూ నీళ్ళు తాగుతూ తింటాడు. ఈ పాఠం చదవడం అయ్యాక మొదట చేయవలసిన పని కొత్త సబ్బు కాదు. లేచి వెళ్ళి, గట్టు కింద ఏ సీసా ఉందో చూడండి.